యాభై వేల మందిని పంపే ముందు: త్సుకుబా నుంచి తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి పార్లమెంటు ఉభయ సభల్లో ఉన్న గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నేను జపాన్‌లోని త్సుకుబా విజ్ఞాన నగరంలో పదార్థ విజ్ఞానంలో పనిచేస్తున్న తెలుగు పరిశోధకురాలిని. జపాన్‌లో పనిచేసే భారతీయ పరిశోధకుల ఒప్పందాలు, వీసాలు, కుటుంబాలు, పింఛను గురించి ఈ లేఖలో రాసిన విషయాలనే ఇక్కడి తెలుగు పరిశోధకులం కొందరం కలిసి ఇంతకు ముందు సంబంధిత కార్యాలయాలకు రాశాం. కొన్నిచోట్ల నుంచి 'మీ వినతి అందింది' అని వచ్చింది. కొన్నిచోట్ల నుంచి అదీ రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా మీకు రాస్తున్నాను. లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది, మొత్తం 60 మంది ఉన్నారు మీరు. పార్టీలు వేరైనా ఒక ప్రశ్న అడగడానికి ఆ సంఖ్య చాలా ఎక్కువ.

మా ఓట్లతో మీకు పెద్దగా పని లేదని మాకు తెలుసు. విదేశాల్లో ఉన్న భారత పౌరులు ఓటరుగా నమోదు చేసుకోవచ్చు గాని, ఓటు వేయాలంటే విమానం ఎక్కి సొంత పోలింగ్ కేంద్రానికే రావాలి. జపాన్‌లో మాకు ఓటు ఎలాగూ లేదు. రెండు చోట్లా పన్ను కట్టే వయసులో ఉండి, రెండు చోట్లా అడిగే వీలు లేనివాళ్ళం. అయినా రాయడానికి కారణం ఉంది.

2025 ఆగస్టు 29న టోక్యోలో భారత్, జపాన్ ప్రధానులు ఒక కార్యాచరణ ప్రణాళికను ప్రకటించారు. ఐదేళ్ళలో రెండు దేశాల మధ్య ఐదు లక్షల మంది రాకపోకలు సాగించాలని, అందులో భారత్ నుంచి నైపుణ్యం గలవారు, నైపుణ్యం సంపాదించగలవారు యాభై వేల మంది జపాన్‌కు వెళ్ళాలని లక్ష్యం పెట్టుకున్నారు. అంకె పెద్దదే, సంతోషమే. కాని ఇప్పటికే వెళ్ళినవారు ఎలా ఉన్నారని అడిగినవారు మాకు ఎక్కడా కనిపించలేదు. పిలిచేటప్పుడు ఉన్న స్పష్టత, పిలిచినవారిని నిలుపుకునే దగ్గర లేదు. మా ఫిర్యాదు మొత్తం ఇదే. మిగిలినదంతా దాని వివరం.

త్సుకుబా గురించి క్లుప్తంగా చెబుతాను. టోక్యోకు ఈశాన్యంగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, ఇబారాకి రాష్ట్రంలో ఉంది. రాజధానిలో చోటు చాలక ఇబ్బంది పడుతున్న ప్రభుత్వ పరిశోధన సంస్థలను ఒకచోటికి తరలించాలని 1963లో జపాన్ మంత్రివర్గం నిర్ణయించింది. తనంతట తాను పెరిగిన ఊరు కాదు, గీసిన పటం ప్రకారం కట్టిన ఊరు. 1973లో విశ్వవిద్యాలయం వచ్చింది, 1985లో అంతర్జాతీయ విజ్ఞాన ప్రదర్శన జరిగింది, 2005లో టోక్యోకు 45 నిమిషాల్లో చేర్చే రైలు వచ్చింది. జపాన్ అంతరిక్ష సంస్థ కేంద్రం, పదార్థ విజ్ఞాన సంస్థ, వ్యవసాయ, పర్యావరణ పరిశోధన సంస్థలు ఇక్కడే ఉన్నాయి. మూడు కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న కణ త్వరణ యంత్రం కూడా ఇక్కడే ఉంది. ఆ యంత్రం దగ్గర జరిగిన బెల్ ప్రయోగం జపాన్ భౌతిక శాస్త్రవేత్తలు కొబయాషి, మస్కావాల సిద్ధాంతానికి గట్టి ఆధారం చూపింది. వారిద్దరికీ 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రయోగం తరువాతి దశ బెల్-2లో ఐఐటీ హైదరాబాద్ సహా పలు భారతీయ సంస్థలకు భాగం ఉంది. ఇక్కడి ఎక్స్‌రే ప్రయోగ కేంద్రంలో మన ప్రభుత్వం నిధులు పెట్టి భారతీయ బీమ్‌లైన్ (ఎక్స్‌రే కిరణాలతో పదార్థాలను పరీక్షించే చోటు) ఏర్పాటు చేయించింది. కాబట్టి త్సుకుబా ఢిల్లీకి సంబంధం లేని ఊరేమీ కాదు.

ఇక్కడ మాకు దక్కిన మేలు కూడా చెప్పాలి. పరికరం కావాలంటే ఉంటుంది, పాడైతే బాగుచేసే మనిషి వస్తాడు. ఆస్పత్రి ఖర్చులో 70 శాతం ఆరోగ్య బీమా భరిస్తుంది. అర్ధరాత్రి ల్యాబు నుంచి సైకిల్ మీద ఒంటరిగా ఇంటికి వెళ్ళగలుగుతున్నాను. జపాన్ సహోద్యోగుల మీద నాకు ఫిర్యాదు లేదు. మా ఇబ్బందులు మనుషుల వల్ల వచ్చినవి తక్కువ, నియమాలు ఒకదానికొకటి ముడిపడడం వల్ల వచ్చినవి ఎక్కువ.

ఆ ముడులు ఇవి.

1. ఏడాది కాంట్రాక్టు

జపాన్‌లో బడ్జెట్టు, బడి, ఉద్యోగం అన్నీ ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తాయి. పోస్ట్‌డాక్‌లకు (డాక్టరేట్ అయ్యాక తాత్కాలిక ఒప్పందం మీద పనిచేసే పరిశోధకులకు), ప్రాజెక్టు మీద తీసుకున్న పరిశోధకులకు ఒప్పందం చాలాచోట్ల ఏడాదికే రాస్తారు. నిధులు ఉన్నంత కాలం ఏటా పొడిగిస్తారు. పొడిగింపు కాగితం ఫిబ్రవరిలో చేతికి వచ్చేదాకా ఏప్రిల్లో ఏ దేశంలో ఉంటామో మాకు తెలియదు.

జపాన్ కార్మిక ఒప్పంద చట్టానికి చేసిన సవరణ 2013 ఏప్రిల్ నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఒకే యజమాని దగ్గర గడువు ఒప్పందాల మీద ఐదేళ్ళు దాటినవారు గడువు లేని ఒప్పందం కోరే హక్కు దాని వల్ల కలిగింది. పరిశోధకులకు మాత్రం ఆ ఐదేళ్ళను పదేళ్ళు చేశారు. పరిశోధన ప్రాజెక్టులు దీర్ఘకాలం సాగుతాయి కాబట్టి ఎక్కువ సమయం ఇద్దామన్నది ఉద్దేశం. జరిగింది వేరు. పదేళ్ళు నిండితే హక్కు వస్తుంది కాబట్టి, నిండే ముందే ఒప్పందం ఆపేయడం మొదలైంది. 2023 మార్చిలో తొలి విడత వారికి పదేళ్ళు నిండే సమయానికి ఇది జపాన్ పత్రికల్లోకి, పార్లమెంటులోకి ఎక్కింది. కోర్టుకు వెళ్ళినవారూ ఉన్నారు.

ఈ దెబ్బ జపాన్ పరిశోధకులకూ తగిలింది. మాకు మాత్రమే జరిగిన అన్యాయమని చెప్పను. కాని జపాన్ పౌరుడికి ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుంది. మాకు ఉద్యోగం పోతే 14 రోజుల్లో వలస శాఖకు తెలియజేయాలి. సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ వీసాకు తగిన పని చేయకపోతే నివాస అనుమతి రద్దు చేసే అధికారం ఆ శాఖకు ఉంది. నా మీద ఆధారపడిన వీసాలో ఉన్న భర్తకు, బిడ్డకు కూడా అక్కడితో ఆధారం పోతుంది. పదిహేనేళ్ళుగా ఒక పదార్థం మీద పనిచేసిన మనిషికి అదే పదార్థం మీద పనిచేసే మరో ల్యాబు మూడు నెలల్లో దొరకదు. ప్రపంచం మొత్తం మీద అలాంటి ల్యాబులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి.

ఏడాది ఒప్పందం చూపిస్తే నివాస అనుమతి కూడా చాలాసార్లు ఏడాదికే వస్తుంది. శాశ్వత నివాసం కావాలంటే సాధారణంగా పదేళ్ళు ఉండడంతో పాటు చేతిలో ఉన్న అనుమతి పెద్ద గడువుది కావాలి. శాశ్వత నివాసం లేనివారికి ఇంటి అప్పు ఇవ్వడానికి చాలా బ్యాంకులు ముందుకు రావు. ఒప్పందం చిన్నది కాబట్టి అనుమతి చిన్నది, అనుమతి చిన్నది కాబట్టి స్థిరత్వం లేదు, స్థిరత్వం లేదు కాబట్టి పెద్ద ఒప్పందానికి మనిషి ఇక్కడే ఉంటాడన్న నమ్మకం కుదరదు. ఇందులో ఎవరూ నియమం తప్పలేదు. ప్రతి కార్యాలయమూ తన పని తాను సక్రమంగా చేసింది.

దీనికి జపాన్ ప్రభుత్వం ఒక మందు కనిపెట్టింది, అది పనిచేసింది కూడా. 2012లో మొదలైన అత్యున్నత నైపుణ్య నిపుణుల పాయింట్ల పద్ధతి అది. పరిశోధన విభాగంలో డాక్టరేటుకు 30 పాయింట్లు, వయసు 30 లోపు ఉంటే 15, జపనీస్ పరీక్షలో పై స్థాయి దాటితే 15, ఇలా లెక్క. 70 వస్తే ఆ హోదాకు అర్హత. 2017 నుంచి 80 పాయింట్లు ఉన్నవారు ఏడాదికే, 70 ఉన్నవారు మూడేళ్ళకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. పదేళ్ళ నిరీక్షణతో పోలిస్తే ఎంత తేడానో చూడండి. కాని కొత్తగా వచ్చినవారికి ఇది చెప్పేవారు లేరు. తెలిసిన సీనియర్ ఉన్న ల్యాబులో చేరినవాడు రెండో ఏడాదికి స్థిరపడతాడు. అంతే చదువున్న ఇంకొకడు పక్క భవనంలో ఎనిమిదేళ్ళు ఏడాది అనుమతి మీద గడుపుతాడు. వయసు పెరిగేకొద్దీ పాయింట్లు తగ్గుతాయి, 40 దాటితే వయసుకు పాయింట్లే లేవు. పైగా ఆ హోదా మొదటి దశలో ఒక సంస్థకు కట్టుబడి ఉంటుంది. సంస్థ మారితే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి.

2. చదువుకున్న జీవిత భాగస్వామి

మాలో చాలామంది దంపతుల్లో ఇద్దరూ చదువుకున్నవారే. ఒకరు పరిశోధకుల వీసాతో వస్తే, రెండోవారు ఆధారిత వీసాతో వస్తారు. ఆ వీసాతో నేరుగా పనిచేయకూడదు. విడిగా అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పనిచేయవచ్చు. ఆ గంటల్లో దొరికేది దుకాణంలో సరుకులు సర్దే పని, కేంద్రీయ వంటశాలలో భోజనం డబ్బాలు నింపే పని. పని చిన్నదని అనడం లేదు. రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన ఒక తెలుగు అమ్మాయి మూడేళ్ళుగా అదే చేస్తోంది, ఆమె చదువుకు ప్రజాధనం ఖర్చయింది మన దగ్గర, దాని ఫలం రెండు దేశాల్లోనూ లేదు. ఆ మూడేళ్ళ తరువాత ఆమె దరఖాస్తు పెడితే 'పరిశోధనలో ఖాళీ ఎందుకు వచ్చింది' అని అడుగుతారు.

పిల్లలు పుడితే ఈ ముడి ఇంకా బిగుస్తుంది. పురపాలక శిశు సంరక్షణ కేంద్రంలో బిడ్డను చేర్చుకోవాలంటే తల్లిదండ్రులిద్దరికీ పని ఉన్నట్టో, వెతుకుతున్నట్టో చూపించాలి. పని ఉన్నవారికే ముందు సీటు. సీటు లేనిదే భాష నేర్చుకునే తరగతికి వెళ్ళలేరు, భాష లేనిదే పని దొరకదు. అత్యున్నత నైపుణ్య హోదా ఉన్నవారి భాగస్వామికి కొన్ని రంగాల్లో పూర్తికాలం పనిచేసే ప్రత్యేక వెసులుబాటు ఉంది. అది కూడా పైన చెప్పినట్టే, తెలిసినవారికే తెలుసు.

3. ముసలి తల్లిదండ్రులు

ఈ విషయం చెప్పుకోవడానికి మావాళ్ళు సిగ్గుపడతారు. సొంత సమస్యగా భావించి లోలోపలే మింగేస్తారు. అందుకే కాస్త గట్టిగా రాస్తున్నాను.

జపాన్ వలస నియమాల్లో తల్లిదండ్రులను తెచ్చుకుని దగ్గర ఉంచుకునే దారి మాలాంటివారికి దాదాపు లేదు. చూడటానికి వచ్చేవారికి 90 రోజుల స్వల్పకాల వీసా ఉంది. దీర్ఘకాలం ఉంచుకోవాలంటే, అత్యున్నత నైపుణ్య హోదా ఉండాలి, ఇంట్లో ఏడేళ్ళ లోపు బిడ్డ ఉండటమో, గర్భిణి ఉండటమో జరగాలి, ఇంటి ఆదాయం ఏడాదికి 80 లక్షల యెన్లు దాటాలి. అంటే తాతా నానమ్మలు పనికి వస్తేనే రావాలి, వారికి మేము పనికి వచ్చేందుకు కాదు. ఇక ఆదాయం సంగతి. జపాన్ విజ్ఞాన ప్రోత్సాహక సంఘం విదేశీ పోస్ట్‌డాక్‌లకు ఇచ్చే ప్రామాణిక ఫెలోషిప్ నెలకు 3,62,000 యెన్లు. ఏడాదికి 43 లక్షల 44 వేలు. అడిగినదానిలో సగానికి కాస్త ఎక్కువ. రెండో జీతం సంగతి ముందే చెప్పాను, దానికి 28 గంటల హద్దు ఉంది.

మాలో ఒక్కరే సంతానం అయినవారు ఉన్నారు. తండ్రికి పక్షవాతం వస్తే ప్రయోగం మధ్యలో వదిలి వెళ్ళి, తిరిగి రాలేక, ఒప్పందం పోగొట్టుకున్నవారు ఉన్నారు. 'విదేశాల్లో హాయిగా ఉన్నారు' అని మమ్మల్ని గురించి మన దగ్గర వినిపించే మాట వెనుక ఈ లెక్క కూడా ఉందని మీకు తెలియాలి.

4. అద్దె ఇల్లు

జపాన్ న్యాయ మంత్రిత్వ శాఖ తరఫున విదేశీయుల మీద జరిగిన సర్వే ఫలితాలు 2017 మార్చిలో వెలువడ్డాయి. అంతకు ముందు ఐదేళ్ళలో ఇల్లు వెతికినవారిలో 39.3 శాతం మంది విదేశీయులన్న కారణంతో తిరస్కరించారని చెప్పారు. జపాన్ పూచీదారు లేరని తిరస్కరించినట్టు చెప్పినవారు 41.2 శాతం. ఇవి మా మాటలు కావు, వారి ప్రభుత్వ లెక్కలు. పూచీ ఇచ్చే కంపెనీలు ఇప్పుడు ఉన్నాయి, వాటికి విడిగా రుసుము కట్టాలి. డిపాజిట్, ఇంటి యజమానికిచ్చే తిరిగి రాని కానుక సొమ్ము, దళారి రుసుము, మొదటి నెల అద్దె అన్నీ కలిపితే తొలి జీతం రాకముందే కొన్ని నెలల అద్దె చేతి నుంచి పోతుంది. సంస్థల అతిథి గృహాల్లో ఉండే గడువు పరిమితం. ఒకప్పుడు నగరం నిండా ఉన్న ప్రభుత్వ ఉద్యోగుల క్వార్టర్లలో చాలావాటిని కూల్చి స్థలాలు అమ్మేశారు. వాటిలో కొన్నిటిని మాలాంటివారికి ఇచ్చి ఉంటే ఈ పేరా రాయవలసిన పని ఉండేది కాదు.

5. పదిహేనేళ్ళ గీత

నిర్బంధ విద్య జపాన్‌లో విదేశీ పిల్లలకు చట్టప్రకారం వర్తించదు. కోరుకుంటే ప్రభుత్వ బడిలో ఉచితంగా చేర్చుకుంటారు, చేర్చుకున్నాక ఆదరంగానే చూస్తారు. చిన్న తరగతుల్లో పిల్లలు ఏడాదిలో భాష పట్టేస్తారు. ఇబ్బంది పదిహేనేళ్ళ వయసులో, తొమ్మిదో తరగతి చివర వస్తుంది. హైస్కూల్లో చేరాలంటే అక్కడ ప్రవేశ పరీక్ష రాయాలి, జపనీస్‌లో. ఐదో తరగతిలో వచ్చిన పిల్లవాడు మాట్లాడటం నేర్చుకుంటాడు గాని, ఆ పరీక్షకు కావలసిన లిపి, పాత సాహిత్యం నాలుగేళ్ళలో అందవు. భారతీయ పాఠ్యక్రమం బోధించే బడులు టోక్యో, యోకొహామా వైపు ఉన్నాయి. త్సుకుబా నుంచి రోజూ పిల్లలను పంపే దూరం కాదు. అంతర్జాతీయ బడి ఫీజు పోస్ట్‌డాక్ జీతంతో కుదరదు. అందుకే పిల్లలకు పదేళ్ళు వచ్చేసరికి ఇళ్ళలో లెక్కలు మొదలవుతాయి. ఎంతో మంది మంచి పరిశోధకులు త్సుకుబా వదిలి వెళ్ళిపోవడానికి అసలు కారణం ఈ పరీక్షే. వారు రాసే రాజీనామా లేఖల్లో అది కనిపించదు.

వెనక్కి వచ్చినా సుఖం లేదు. అక్కడ విద్యాసంవత్సరం మార్చిలో ముగుస్తుంది, మన దగ్గర జూన్‌లో మొదలవుతుంది, బదిలీ పత్రం జపనీస్‌లో ఉంటుంది. తెలుగు చదవడం రాని, ఇంగ్లీషులో లెక్కలు చేయడం రాని పిల్లవాడిని ఏ తరగతిలో వేయాలో మన బడుల్లో ఎవరూ తేల్చి చెప్పరు.

6. పింఛను

దీని మీద ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే మన ప్రభుత్వం నేరుగా, జపాన్ చట్టం మార్చమని అడగకుండా, బాగుచేయగలిగిన విషయాల్లో ఇది ముఖ్యమైనది.

జీతం మీద 18.3 శాతం ఉద్యోగుల పింఛనుకు పోతుంది. సగం మేము, సగం సంస్థ కడతాం. పింఛను రావాలంటే కనీసం పదేళ్ళు కట్టి ఉండాలి. 2017 ఆగస్టుకు ముందు అది 25 ఏళ్ళు. పదేళ్ళు నిండకుండా దేశం వదిలితే, రెండేళ్ళ లోపు దరఖాస్తు పెట్టి కొంత సొమ్ము ఏకమొత్తంగా తీసుకోవచ్చు. ఆ లెక్కకు ఒకప్పుడు మూడేళ్ళే పరిగణించేవారు, 2021 ఏప్రిల్ నుంచి ఐదేళ్ళు పరిగణిస్తున్నారు. ఏడేళ్ళు కట్టినవారికి కూడా ఐదేళ్ళ లెక్కే. అందులోనూ 20.42 శాతం పన్ను కోసుకుని ఇస్తారు. ఆ పన్ను వెనక్కి రావాలంటే జపాన్‌లో మన తరఫున ఒక పన్ను ప్రతినిధిని పెట్టుకోవాలి.

రెండో దారి ఉంది. భారత్, జపాన్ సామాజిక భద్రత ఒప్పందం 2016 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రెండు దేశాల్లో కట్టిన కాలాన్ని అర్హత కోసం కలుపుకోవచ్చు. జపాన్‌లో ఏడేళ్ళు, భారత్‌లో మూడేళ్ళు కలిస్తే పదేళ్ళు. జపాన్‌లో కట్టిన ఏడేళ్ళకు తగిన పింఛను వృద్ధాప్యంలో అక్కడి నుంచి వస్తుంది. కాని ఏకమొత్తం తీసుకున్న మరుక్షణం ఆ ఏళ్ళు లెక్కలో నుంచి చెరిగిపోతాయి. ఇల్లు ఖాళీ చేస్తూ, కరెంటు, గ్యాసు, ఫోను రద్దు చేయించుకుంటూ, విమానం ఎక్కబోయే వారంలో సంతకం పెట్టే ఆ ఒక్క దరఖాస్తు మనిషి ముసలితనాన్ని తేల్చేస్తుంది. అది దరఖాస్తు నింపే సమయంలో మాలో చాలామందికి తెలియదు. చేతికి నగదు వస్తుందంటే తీసుకుంటారు.

ఇంకో మెలిక. తిరిగివచ్చిన పరిశోధకుల్లో పెద్ద వంతు ప్రైవేటు కంపెనీల్లో కాక, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో, జాతీయ ప్రయోగశాలల్లో చేరతారు. వారు ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ పథకాల్లో కాక మన జాతీయ పింఛను వ్యవస్థలో (ఎన్‌పీఎస్) ఉంటారు. ఆ సర్వీసును కూడా ఒప్పందం కింద కలుపుతారా లేదా అన్నది ప్రభుత్వం ఒక్క పేజీలో రాతపూర్వకంగా చెప్పాలి. మేము అడిగిన ఈ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

7. భాష, భూకంపం

ల్యాబులో ఇంగ్లీషు చాలు. గేటు దాటితే చాలదు. శాశ్వత పదవికి ఎంపిక చేసేటప్పుడు సంస్థ కమిటీల్లో, పరీక్షల పనిలో జపనీస్‌లో పనిచేయగలరా అని చూస్తారు. రోజుకు పన్నెండు గంటలు ల్యాబులో ఉంచి, భాష నేర్చుకోలేదని పదవి ఇవ్వకపోవడం ఏ లెక్కన న్యాయమో నాకు అర్థం కాదు.

2011 మార్చి 11 భూకంపం త్సుకుబాను కూడా గట్టిగా ఊపింది, పరిశోధన సంస్థల్లో పరికరాలు దెబ్బతిన్నాయి. 2012 మే 6న ఇదే నగరం మీద సుడిగాలి విరుచుకుపడింది. ఇలాంటి రోజున వీధి స్తంభాల మీది లౌడ్‌స్పీకర్లలో ప్రకటన వినిపిస్తుంది. ఇంట్లో ఉన్న కొత్త కోడలికి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. నీళ్ళు ఎక్కడ ఇస్తున్నారో, ఏ బడిలోకి వెళ్ళాలో తెలుగు వాట్సాప్ బృందంలో ఎవరో అనువదించి పెడితే తెలుస్తుంది.

గాలి కూడా మారుతోంది. 2025 జూలై ఎగువసభ ఎన్నికల్లో 'జపనీయులే ముందు' అన్న నినాదానికి ఓట్లు పడ్డాయి. అదే ఏడాది డాక్టరేట్ విద్యార్థులకిచ్చే ఒక ప్రభుత్వ పథకంలో జీవన భృతిని తమ పౌరులకే పరిమితం చేయాలని జపాన్ విద్యా శాఖ నిర్ణయించింది. తమ సొమ్ము ఎవరికి ఇవ్వాలన్నది వారిష్టం. కాని ఒక చేత్తో యాభై వేల మందిని పిలుస్తూ, ఇంకో చేత్తో తలుపు సగం మూస్తుంటే, మధ్యలో నలిగేది ఆ పిలుపు నమ్మి వచ్చిన పిల్లలే.

తప్పంతా అవతలి వైపే లేదు. పాయింట్ల దరఖాస్తుకు డిగ్రీ పత్రాలు, మార్కుల ధ్రువీకరణలు కావాలి. మన రెండు రాష్ట్రాల్లోని కొన్ని విశ్వవిద్యాలయాల నుంచి అవి తెప్పించుకోవడానికి నెలలు పడుతుంది. ముసలి తండ్రి బస్సెక్కి వెళ్ళి పరీక్షల విభాగం కిటికీ దగ్గర నిలబడితే తప్ప కాగితం కదలదు. ఈ లోపు వయసు 30 దాటితే ఐదు పాయింట్లు పోతాయి, 80 కాస్తా 75 అవుతుంది, ఏడాది నిరీక్షణ మూడేళ్ళ నిరీక్షణ అవుతుంది.

ఇక మేము కోరుతున్నవి:

1. వచ్చే సమావేశాల ప్రశ్నోత్తరాల సమయంలో విదేశాంగ మంత్రిని అడగండి: యాభై వేల మందిలో పరిశోధకులు ఎందరు, వారి ఒప్పందానికి కనీస గడువు ఎంత, ఒప్పందం మధ్యలో ఆగితే ఎవరిని సంప్రదించాలి?

2. భారత ప్రభుత్వ నిధులు ఉన్న ఉమ్మడి ప్రాజెక్టుల్లో, ఉమ్మడి ప్రయోగశాలల్లో పనిచేసే మనవారికి మూడేళ్ళకు తక్కువ కాని ఒప్పందం ఉండాలని షరతు పెట్టించండి. సొమ్ములో మన వాటా ఉన్నచోట ఈ మాట అడిగే హక్కు మనకు ఉంది.

3. పింఛను మీద రాతపూర్వక వివరణ ఇప్పించండి, జాతీయ పింఛను వ్యవస్థ సర్వీసు సంగతితో సహా. ఏకమొత్తం దరఖాస్తు పెట్టే ముందు చదవవలసిన రెండు పేజీల పత్రం తెలుగుతో పాటు ఇతర భారతీయ భాషల్లో రాయబార కార్యాలయం ద్వారా ప్రతి పరిశోధకుడికీ అందాలి. అందరికన్నా ముందు దీన్ని సాధించవచ్చు, ఖర్చు కూడా దాదాపు లేదు.

4. రెండు దేశాల అధికారుల చర్చల్లో పరిశోధకుల జీవిత భాగస్వాముల 28 గంటల పరిమితిని, తల్లిదండ్రుల విషయంలో 80 లక్షల యెన్ల ఆదాయ షరతును చర్చనీయాంశాలుగా చేర్పించండి. డిగ్రీ ఉన్న భాగస్వామికి తన రంగంలో పూర్తికాలం పనిచేసే వీలు కోరుతున్నాం, అంతకు మించి కాదు.

5. ఆహ్వానించిన సంస్థే అద్దె ఇంటికి పూచీ ఉండాలన్న మాట కొత్త ఒప్పందాల్లో రాయించండి.

6. జపాన్ నుంచి తిరిగివచ్చిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో, సంవత్సరం మధ్యలోనైనా చేర్చుకోవాలని కేంద్ర, రాష్ట్ర విద్యాశాఖల చేత ఉత్తర్వు ఇప్పించండి. మొదటి ఏడాది తెలుగు పరీక్ష నుంచి మినహాయింపు కావాలి.

7. మన విశ్వవిద్యాలయాలు విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు ధ్రువీకరణ పత్రాలు ఆన్‌లైన్‌లో, నిర్ణీత గడువులోపు ఇచ్చేలా మీ మీ రాష్ట్ర ప్రభుత్వాలతో మాట్లాడండి. దీనికి టోక్యో అనుమతి అక్కర్లేదు.

8. త్సుకుబా వంటి నగరాల్లో విపత్తు సమయంలో భారతీయ కుటుంబాలను సంప్రదించే బాధ్యుల జాబితాను రాయబార కార్యాలయం తయారుచేసి, ఏటా సరిచూడాలి. ఆ పనికి స్వచ్ఛందంగా ముందుకు వచ్చేవారు మాలో ఇప్పటికే ఉన్నారు.

మార్చి 31న ఇక్కడ మళ్ళీ ఒప్పందాలు ముగుస్తాయి. ఆలోపు పై ప్రశ్నల్లో ఏ ఒక్కదాన్నయినా మీలో ఒకరు సభలో పెడితే ఆ ప్రశ్న సంఖ్య మాకు తెలియజేయండి. కావలసిన కాగితాలు, నియమాల ప్రతులు, అనువాదాలు మేము సిద్ధం చేసి మీ కార్యాలయానికి పంపుతాం.

ఇట్లు,
త్సుకుబాలో పనిచేస్తున్న తెలుగు పరిశోధకుల తరఫున,
ఒక పరిశోధకురాలు